చెల్లింపు విఫలమైతే ‘అందింది’ అన్న యాప్: ఒక షార్ట్‌కట్ కేసు

యాప్‌లో డబ్బు కట్టే పేజీకి రెండు వాక్యాలు ఉండేవి. పని జరిగితే ‘చెల్లింపు పూర్తయింది’, జరగకపోతే ‘చెల్లింపు విఫలమైంది’. తెలుగు వాక్యాలన్నీ ఒకే జేసన్ ఫైల్లో (పేరు, దాని పక్కన వాక్యం అని వరుసగా రాసుకునే టెక్స్ట్ ఫైలు) ఉంటాయి కాబట్టి ఈ రెండూ అందులో ఒకదాని కింద ఒకటి ఉండేవి. ఒకరోజు సాయంత్రం టెస్టింగ్ చూసే కుర్రాడు నా సీటు దగ్గరికి వచ్చి, కార్డు ఫెయిలైనా స్క్రీన్ మీద ‘చెల్లింపు అందింది’ అని వస్తోందన్నాడు. అరగంట సేపు సర్వర్ లాగ్‌లు తిరగేశాం. కోడ్‌లో ఏ తప్పూ లేదు. జేసన్ ఫైలు తెరిస్తే రెండు లైన్లలోనూ ‘చెల్లింపు అందింది’ అనే ఉంది. ఆ మార్పును రివ్యూలో చూసి ఓకే చేసింది నేనే. అది కూడా ఇక్కడే చెప్పేస్తున్నాను.

ఆ ఫైలు చూసే ఆవిడ నాకంటే పదేళ్లు పెద్ద. టీమ్‌లో అందరం అక్కా అనే పిలుస్తాం. పైథాన్ రాస్తారు, యాప్‌లోని తెలుగు వాక్యాలూ ఆవిడే రాస్తారు. అడిగితే, “పై లైన్ కాపీ చేసి ఆ కాపీనే మార్చాను తమ్ముడూ. ‘విఫలమైంది’ లైన్‌ని ముట్టుకోనే లేదు. మధ్యలో ఫోనొస్తే సేవ్ కొట్టి లేచాను” అన్నారు.

ఎలా చేశారో మళ్లీ చేసి చూపించమన్నాను. ‘పూర్తయింది’ లైన్ మీద కర్సర్ పెట్టి, షిఫ్ట్, ఆల్ట్, కింది బాణం కలిపి నొక్కారు. లైన్ కాపీ కాలేదు. కింది లైన్‌లో ఇంకో కర్సర్ మొలిచింది. ఎండ్ నొక్కితే రెండు కర్సర్లూ తమ తమ లైన్ల చివరికి పోయాయి. అక్కడి నుంచి చివరి మాట చెరిపినా, కొత్త మాట కొట్టినా రెండు చోట్లా జరుగుతోంది. ఆవిడ చూపు పై లైన్ మీదే ఉంది.

మేం కోడ్ రాసే ఎడిటర్ వీఎస్ కోడ్. విండోస్‌లో అది ఆ మూడు కీలకు లైన్‌ని కిందికి కాపీ చేస్తుంది. లినక్స్‌లో అవే కీలు కింది లైన్‌లో రెండో కర్సర్ పెడతాయి. కాపీ కావాలంటే వాటితో పాటు కంట్రోల్ కూడా పట్టుకోవాలి. ఎడిటర్ అదే, రంగులు అవే, మెనూలు అవే. మా దగ్గర ల్యాప్‌టాప్‌లను విండోస్ నుంచి ఉబుంటుకు (అది లినక్స్‌లో ఒక రకం) మార్చి అప్పటికి మూడు నెలలైంది. ఆవిడ చేతులు మాత్రం ఇంకా విండోస్‌లోనే ఉన్నాయి.

టీమ్‌లో బిల్డ్, టూల్స్ చూసేది నేను. కాబట్టి ఇది నా నెత్తిన పడింది. ఎడమ చిటికెన వేలు లాగేస్తోందని ఆవిడ అంతకు నెల ముందు నుంచే అంటున్నారు, దాన్ని కూడా ఇందులోనే కలిపాను.

మొదట తొందరపడ్డాను

కొత్త కీలు నేర్చుకోమనడం ఎందుకు, పాత కీలనే తెచ్చి పెడితే పోలా అనుకున్నాను. ఆవిడ ఏళ్ల తరబడి నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌లో పీహెచ్‌పీ రాశారు, ఆ తర్వాత రెండేళ్లు విండోస్‌లో వీఎస్ కోడ్. వీఎస్ కోడ్‌కి పాత ఎడిటర్ల కీలను తెచ్చిపెట్టే కీమ్యాప్ ఎక్స్‌టెన్షన్లు ఉన్నాయి: నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌కి, సబ్‌లైమ్‌కి, ఎక్లిప్స్‌కి, ఇంటెల్లిజేకి ఒక్కోటి. నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌ది వేసేశాను. ఐదు నిమిషాల పని.

రెండు రోజులకు తీసేయాల్సి వచ్చింది. ఎందుకో చెప్పాలంటే కంట్రోల్+డి ఒక్కటి చాలు. నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌లోనూ ఇంటెల్లిజేలోనూ అది లైన్‌కి నకలు తీస్తుంది. ఎక్లిప్స్‌లో అదే లైన్‌ని తుడిచేస్తుంది. వీఎస్ కోడ్‌లో కర్సర్ ఉన్న మాటను పట్టుకుని, ఫైల్లో అది మళ్లీ ఎక్కడ వస్తే అక్కడ కూడా ఎంచుకుంటూ పోతుంది. విమ్ అనే ఎడిటర్‌లో అర పేజీ కిందికి జరుగుతుంది. ఈమాక్స్ అనే ఇంకో ఎడిటర్‌లో ముందున్న ఒక్క అక్షరం పోతుంది. టెర్మినల్‌లో, అంటే కమాండ్లు టైప్ చేసే కిటికీలో, ఖాళీ లైన్ మీద నొక్కితే ఆ కమాండ్లను అందుకునే షెల్లే మూసుకుపోతుంది. మన వాళ్లలో సగం మంది ఇందులో మూడు నాలుగు అర్థాలను చేతుల్లో పెట్టుకునే తిరుగుతుంటారు.

ఆవిడకి వీఎస్ కోడ్ అర్థం కూడా బాగా అలవాటైపోయింది. వేరియబుల్ పేరు మార్చాలంటే కంట్రోల్+డి నాలుగుసార్లు కొట్టి, అన్ని చోట్లా ఒకేసారి మారుస్తారు. “నోట్‌ప్యాడ్‌లో ఉన్నట్టే కావాలి” అని నోటితో అన్నారు కానీ, చేతులు రెండేళ్లుగా ఇంకోటి కూడా నేర్చుకున్నాయి. నేను వేసిన కీమ్యాప్ పాతదాన్ని తెచ్చింది, కొత్తదాన్ని ఎత్తుకుపోయింది.

కాగితం

ఈసారి వారం రోజులు సెట్టింగ్స్ జోలికి పోలేదు. ఒక ఏ4 కాగితం మడిచి కీబోర్డు పక్కన పెట్టాను. చెయ్యి తడబడిన ప్రతిసారీ ఒక గీటు: ఏ కీలు నొక్కారు, ఏం జరుగుతుందనుకున్నారు, ఏం జరిగింది, అప్పుడు కర్సర్ ఫైల్లో ఉందా, టెర్మినల్లో ఉందా, వెతికే పెట్టెలో ఉందా. చివర్లో ఎందుకో తోచి ఇంకో గడి గీశాను: అప్పుడు కీబోర్డు తెలుగులో ఉందా, ఇంగ్లీషులో ఉందా.

“పని చెయ్యనా, పద్దు రాయనా?” అని విసుక్కున్నారు. అయినా రాశారు.

నోటిమాట కాకుండా కాగితమే ఎందుకంటే, మనకు గుర్తుండేది పెద్ద ప్రమాదమే. అక్షరం తప్పు పడితే చెరిపి మళ్లీ కొట్టే చిన్న తడబాటును వేళ్లే సర్దుకుంటాయి, బుర్రదాకా రాదు. నిజంగానే, ఆవిడ మొదటి రోజు చెప్పిన పెద్ద ఫిర్యాదు ‘నాకు సరిపడా షార్ట్‌కట్‌లు లేవు’ అన్నది. వారం కాగితంలో అలాంటి గీటు ఒక్కటి కూడా లేదు. ఉన్నవన్నీ ఉన్న కీ ఇంకేదో చేయడమో, ఏమీ చేయకపోవడమో.

కంట్రోల్+క్యూ కథ కూడా కాగితమే చెప్పింది. నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌లో కంట్రోల్+క్యూ నొక్కితే లైన్ కామెంట్ అవుతుంది (అంటే ప్రోగ్రామ్ దాన్ని పట్టించుకోదు), మళ్లీ నొక్కితే కామెంట్ పోతుంది. లినక్స్ వీఎస్ కోడ్‌లో అది ఎడిటర్‌నే మూసేస్తుంది. వారంలో మూడుసార్లు అలా మూసుకుపోయింది. సేవ్ చేయని ఫైళ్లను వీఎస్ కోడ్ గుర్తుపెట్టుకుని మళ్లీ తెరుస్తుంది కాబట్టి రాసింది పోలేదు. టెర్మినల్లో నడుస్తున్న టెస్టులు మాత్రం పోయాయి. ఇన్నాళ్లూ ఆవిడ ఏమనుకున్నారో తెలుసా? ఉబుంటులో వీఎస్ కోడ్ క్రాష్ అవుతోందని.

కీ నొక్కితే మధ్యలో ఎవరెవరు అందుకుంటారు

ఎడిటర్‌లో షార్ట్‌కట్ పనిచేయకపోతే అందరం ఎడిటర్ సెట్టింగ్స్‌లోకే వెళ్తాం. కానీ మనం నొక్కిన కీ ఎడిటర్ దాకా వచ్చేలోపు డెస్క్‌టాప్ ఒకసారి చూస్తుంది, భాషల కోసం ఉన్న ఇన్‌పుట్ పద్ధతి ఒకసారి చూస్తుంది. ఎవరికి కావాలంటే వాళ్లు పట్టేసుకోవచ్చు. వీఎస్ కోడ్‌లో దీన్ని కనిపెట్టడానికి ఒక కమాండ్ ఉంది. కమాండ్ ప్యాలెట్ తెరిచి ‘టోగుల్ కీబోర్డ్ షార్ట్‌కట్స్ ట్రబుల్‌షూటింగ్’ అని వెతికితే వస్తుంది. దాన్ని ఆన్ చేస్తే, నొక్కిన ప్రతి కీ ఎడిటర్‌కి ఏ రూపంలో అందిందో, దానికి ఏ కమాండ్ తగిలిందో వరుసగా రాసి చూపిస్తుంది. కీమ్యాప్ వేయకముందే ఇది ఆన్ చేసి ఉంటే రెండు రోజులు మిగిలేవి.

మొదట కంట్రోల్+చుక్క. వీఎస్ కోడ్‌లో ఇది క్విక్ ఫిక్స్, కోడ్ కింద గీత పడ్డచోట ఎలా సరిచేయాలో సూచిస్తుంది. ఆవిడ నొక్కితే కింద గీత ఉన్న ఒక ఇంగ్లీషు ‘ఇ’ పడుతోంది. వేలు జారిందనుకుని ప్రతిసారీ చెరిపేస్తున్నారు. లాగ్‌లో చూస్తే ఏ కమాండ్ పేరూ రాలేదు, అంటే మధ్యలోనే ఎవరో అందుకున్నారు. అందుకున్నది ఐబస్. ఉబుంటులో తెలుగు లాంటి భాషలను టైప్ చేయించేది అదే. ఎమోజీలు వెతకడానికి అది కంట్రోల్+చుక్కను తన పేర రాసుకుంది. ఐబస్ ప్రిఫరెన్సెస్‌లో ఎమోజీ ట్యాబ్‌కి వెళ్లి ఆ కీని తీసేశాం. వీఎస్ కోడ్‌లో ఒక్క అక్షరం మార్చకుండానే క్విక్ ఫిక్స్ వచ్చేసింది.

తర్వాత అసలు చిక్కు. వీఎస్ కోడ్‌లో లైన్‌ని కామెంట్ చేసే కీలు కంట్రోల్+స్లాష్. కాగితంలో వాటి పక్కన ‘ఒక్కోసారి పనిచేస్తుంది’ అని రాసి ఉంది. ఇంజనీరింగ్‌లో నాకు బొత్తిగా నచ్చని మాట ‘ఒక్కోసారి’. చివరి గడి చూస్తే విషయం తేలిపోయింది. పనిచేయని ప్రతిసారీ కీబోర్డు తెలుగులో ఉంది.

తెలుగుకి ఆవిడ వాడే కీబోర్డు అమరిక (లేఅవుట్) ఇన్‌స్క్రిప్ట్. ఎడమ చేతి కింద అచ్చుల గుర్తులు, కుడి చేతి కింద హల్లులు. మన దేశంలోని చాలా లిపులకు అదే అమరిక కాబట్టి హిందీ ‘క’ ఏ కీ మీద ఉంటే తెలుగు ‘క’ కూడా అదే కీ మీద ఉంటుంది. ఇందులో స్లాష్ ఉండాల్సిన చోట ‘య’ ఉంటుంది. టెర్మినల్ తెరిచే కంట్రోల్+బ్యాక్‌టిక్‌లోని బ్యాక్‌టిక్ కీ మీద ఒత్వం గుర్తు ఉంటుంది. పైథాన్ ఫైల్లో తెలుగు వాక్యం ఒకటి కొట్టి, లేఅవుట్ మార్చడం మరిచి, వెంటనే కామెంట్ చేయబోతే ఎడిటర్‌కి కనబడేది కంట్రోల్+య. అలాంటి షార్ట్‌కట్ ఎక్కడా లేదు.

మరి తెలుగులో ఉన్నా కంట్రోల్+ఎస్, కంట్రోల్+సి ఎలా పనిచేస్తున్నాయి? లేఅవుట్‌లో ఇంగ్లీషు అక్షరాలే లేకపోతే, వీఎస్ కోడ్ వాటిని మామూలు అమెరికన్ కీబోర్డు మీద ఉండే చోటే ఉన్నట్టు లెక్కేసుకుంటుంది. ఆ దయ అక్షరాల వరకే, స్లాష్, బ్యాక్‌టిక్ లాంటి గుర్తులకు లేదు. అందుకే సగం పనిచేస్తాయి, సగం చేయవు. మనిషి ‘ఒక్కోసారి’ అనే తీర్మానానికి వస్తాడు.

ఇది చూస్తుంటే నాకు నా పాత గోల గుర్తొచ్చింది. నేను విమ్ మనిషిని. విమ్‌లో కదలడానికి వాడే హెచ్, జే, కే, ఎల్ కీలను ఇన్‌స్క్రిప్ట్ ఆన్‌లో ఉండగా నొక్కితే వరుసగా ప, ర, క, త. ‘పరకత’ అన్న మాట నా ఫైళ్లలో ఎన్నిసార్లు పడిందో లెక్కలేదు. ఆ నాలుగు కీలే ఎందుకంటే, 1976లో బిల్ జాయ్ విమ్‌కి మూలమైన వీఐ ఎడిటర్‌ని రాసిన ఏడీఎం-3ఏ టెర్మినల్‌లో బాణాలను ఆ అక్షరాల కీల మీదే ముద్రించారు. అక్కడెక్కడో కాలిఫోర్నియాలో ఒక కీబోర్డు మీద వేసిన బొమ్మలు ఇక్కడ నా తెలుగు నోట్స్‌లో ‘పరకత’గా తేలాయి. విమ్‌లో లాంగ్‌మ్యాప్ అనే సెట్టింగ్‌లో ప అంటే హెచ్, ర అంటే జే అని జతలు రాసుకుంటే పోతుంది, అదీ నార్మల్ మోడ్ వరకే.

రాసిన లైన్లు

వీఎస్ కోడ్‌లో మన షార్ట్‌కట్‌లన్నీ కీబైండింగ్స్ అనే జేసన్ ఫైల్లో ఉంటాయి. ఒక్కో నియమంలో మూడు మాటలు: ఏ కీ, ఏ కమాండ్, ఎప్పుడు. ఎడిటర్ ఈ నియమాలను కింది నుంచి పైకి చదువుతుంది. కీ, ‘ఎప్పుడు’ రెండూ కుదిరిన మొదటి నియమం దగ్గర ఆగిపోతుంది. మనవి ఎప్పుడూ అడుగున ఉంటాయి కాబట్టి మనదే గెలుపు. అయితే ‘ఎప్పుడు’ కుదరకపోతే మన నియమాన్ని దాటుకుని పైకి పోయి, పాతదాన్ని పట్టుకుంటుంది. చాలామంది దెబ్బతినేది ఇక్కడే.

కామెంట్ సమస్యకు నేను మొదట రాసింది కొంచెం గొప్పగా ఉంది. కీ పేరును చదరపు బ్రాకెట్లలో రాస్తే, వీఎస్ కోడ్ దాని మీది అక్షరాన్ని పట్టించుకోకుండా, కీబోర్డులో అది ఉన్న స్థానాన్నే చూస్తుంది. లేఅవుట్ తెలుగైనా, ఇంగ్లీషైనా ఒకటే. స్లాష్ స్థానానికి అలా రాసి, గర్వంగా చూపించాను.

అక్క ఒక్క నిమిషం చూసి, “అదేదో కంట్రోల్+క్యూకే పెట్టొచ్చుగా? నా చెయ్యి ఎటూ అక్కడికే పోతుంది” అన్నారు.

నిజమే. క్యూ అక్షరం, కాబట్టి తెలుగులో ఉన్నా పనిచేస్తుంది. ఎడిటర్ మూసుకుపోయే గొడవా పోతుంది. నా బ్రాకెట్ల లైన్ చెరిపేసి, కంట్రోల్+క్యూకి కామెంట్ కమాండ్ ఇచ్చాం. ఇక్కడే ఆ ‘ఎప్పుడు’ సంగతి ముఖ్యం. కామెంట్ నియమం కర్సర్ ఫైల్లో ఉన్నప్పుడే వర్తిస్తుంది. పక్కనున్న ఫైళ్ల జాబితా మీద క్లిక్ చేసి కంట్రోల్+క్యూ నొక్కితే మన నియమం కుదరదు, పైనున్న పాత నియమం ఎడిటర్‌ని మూసేస్తుంది. కాబట్టి మూసే కమాండ్ పేరుకు ముందు మైనస్ గుర్తు పెట్టి, ఆ కీ నుంచి దాన్ని విడిగా తీసేశాం. మూయాలంటే మెనూ ఉంది.

లైన్ కాపీకీ అంతే. షిఫ్ట్+ఆల్ట్+బాణాలకు కాపీ ఇచ్చి ఊరుకోలేదు, రెండో కర్సర్ పెట్టే కమాండ్‌ని ఆ కీల నుంచి మైనస్ చేశాం. కాపీ నియమం మార్చడానికి వీలున్న ఫైళ్లకే. మార్చడానికి వీల్లేని ఫైల్లో పాత అర్థం తిరిగొస్తే చేతికి మళ్లీ రెండు అలవాట్లవుతాయి. రెండో కర్సర్ నిజంగా కావాలంటే లినక్స్‌లో కంట్రోల్+షిఫ్ట్+బాణం ఎలాగూ ఉంది.

టెర్మినల్ తెరవడానికి మాత్రం బ్యాక్‌టిక్ స్థానాన్ని బ్రాకెట్లలో రాశాం, అక్కడ వేరే దారి తోచలేదు. ఇంకో మైనస్ కంట్రోల్+ఎమ్‌కి. పొరపాటున అది తగిలితే ట్యాబ్ కీ లైన్‌ని జరపడం మానేసి ఎడిటర్‌లోంచి బయటికి దూకడం మొదలెడుతుంది. మౌస్ లేకుండా కీబోర్డుతోనే తిరిగేవాళ్లకు అది చాలా అవసరమైన సదుపాయం, వాళ్ల దగ్గర తీయకూడదు. ఇక్కడ అక్కర్లేదు.

మొత్తం ఎనిమిది నియమాలు. అందులో నాలుగు మైనస్‌లే. దీనికి తోడు టెర్మినల్ సెట్టింగ్ ఒకటి: అలౌ కార్డ్స్ (రెండు కీల జంటలను అనుమతించేది) అన్నది ఆఫ్. వీఎస్ కోడ్ కంట్రోల్+కే తర్వాత ఇంకో కీ కోసం కాచుకుని ఉంటుంది, దాంతో బ్యాష్‌లో (టెర్మినల్లో నడిచే మా షెల్) లైన్ మిగతా భాగం చెరిపే కంట్రోల్+కే పనిచేయదు. ఆఫ్ చేస్తే టెర్మినల్‌ది టెర్మినల్‌కే పోతుంది.

చిటికెన వేలికి ఎడిటర్‌తో సంబంధం లేని మందు వేశాం. గ్నోమ్ ట్వీక్స్‌లో క్యాప్స్ లాక్‌ని కంట్రోల్‌గా మార్చాం. ఇదేమీ వింత కోరిక కాదు. 1981లో వచ్చిన మొదటి ఐబీఎమ్ పీసీ కీబోర్డులో కంట్రోల్ ఉన్నది ‘ఏ’ అక్షరం పక్కనే. తర్వాత వచ్చిన 101 కీల కీబోర్డు దాన్ని కింది మూలకు తోసి, క్యాప్స్ లాక్‌ని అక్కడ కూర్చోబెట్టింది. తెలుగులో పెద్దబడి, చిన్నబడి అక్షరాలన్న తేడా లేదు కాబట్టి ఆ కీ పోయినా బెంగ లేదు. ఒక హెచ్చరిక: క్యాప్స్ లాక్‌ని కంట్రోల్ చేస్తే వీఎస్ కోడ్ మారుమాట లేకుండా ఒప్పుకుంటుంది. నాలాగా ఎస్కేప్ చేస్తే మాత్రం ఒప్పుకోకపోవచ్చు, ఎందుకంటే అది కీ స్థానాన్ని చూస్తుంది. నేను కీబోర్డ్ డిస్పాచ్ అనే సెట్టింగ్‌ని ‘కీకోడ్’కి మార్చి, ఎడిటర్‌ని మూసి తెరిచాకే నాకు కుదిరింది.

నెల తర్వాత

కాగితం మళ్లీ ఒక వారం పెట్టాం. లైన్ కాపీ, కామెంట్, క్విక్ ఫిక్స్ గీటు ఒక్కటి కూడా లేదు. వేలు ఎలా ఉందంటే, సాయంత్రానికి లాగడం తగ్గిందన్నారు. అది క్యాప్స్ లాక్ మహిమో, ఫిజియోథెరపిస్టు చెప్పిన వ్యాయామమో నేను తేల్చలేను.

చెడింది నేను సొంత తెలివితో కలిపింది. ఎనిమిది నియమాలతో ఆగలేక, కంట్రోల్+ఆల్ట్+1 నుంచి 4 వరకు నాలుగు కొత్త పనులు కూర్చాను. అన్నీ సేవ్ చేసి టెస్టులు నడిపేది 4. వీఎస్ కోడ్‌లో ‘రన్ కమాండ్స్’ అనే దాంతో ఒకే కీకి వరుసగా నాలుగైదు కమాండ్లు ఇవ్వొచ్చు, దాన్ని వాడాలని ఎప్పటి నుంచో చేతులు దురద పెడుతున్నాయి. ఆవిడ వాటిని ఒక్కసారి కూడా నొక్కలేదు. పైగా ఒక ఆదివారం ఫోన్ చేశారు: “తమ్ముడూ, ఇంట్లో రూపాయి గుర్తు పడట్లేదు. కొడితే టెస్టులు మొదలవుతున్నాయి.”

ఇంట్లో ఆవిడది విండోస్. మామూలుగా వీఎస్ కోడ్ సింక్ ఒక్కో ఆపరేటింగ్ సిస్టమ్‌కి షార్ట్‌కట్‌లను విడివిడిగా దాస్తుంది, కాబట్టి ఉబుంటువి విండోస్‌లోకి రావు. ఆవిడ ఫైలునే మెయిల్లో పంపుకుని ఇంట్లో అతికించుకున్నారు. విండోస్‌లో ఇంగ్లీష్ ఇండియా లేఅవుట్‌లో రూపాయి గుర్తుకు కుడి ఆల్ట్+4. విండోస్ కుడి ఆల్ట్‌ని కంట్రోల్+ఆల్ట్‌గానే చూస్తుంది. డబ్బులు కట్టే యాప్‌కి వాక్యాలు రాసే మనిషి దగ్గర రూపాయి గుర్తునే లాగేసుకున్నానన్నమాట. ఆ నాలుగు లైన్లూ ఫోన్లోనే చెప్పి తీయించాను.

కంట్రోల్+డిని ఎడిటర్‌లో ముట్టుకోలేదు, వీఎస్ కోడ్ అర్థాన్నే ఉంచాం. టెర్మినల్లో మాత్రం లైన్ కాపీ అవుతుందని కంట్రోల్+డి నొక్కి షెల్ మూసేసుకోవడం ఇంకా అప్పుడప్పుడూ జరుగుతోంది. రెండో వారం కాగితంలో మిగిలిన గీటు అదొక్కటే. దానికి బ్యాష్ సెట్టింగ్స్ ఫైల్లో ‘ఇగ్నోర్ ఈఓఎఫ్’ పెట్టాను. ఇప్పుడు నొక్కితే షెల్ మూసుకోదు, పోవాలంటే ఎగ్జిట్ అని కొట్టమని ఒక లైన్ చూపిస్తుంది. ఆ లైన్ కనబడినప్పుడల్లా ఆవిడ నా సీటు వైపు చూసి, “మళ్లీ నోట్‌ప్యాడ్‌లోకి పోయాను” అంటుంటారు.